రెండో చెయ్యి

"ముందు ఆ దావ్ కింద పెట్టమ్మీ."

"కుక్కని ఇటియ్యి. పెడతాను."

"సూది లోపలున్నాది. కదిలితే ఇరిగిపోద్ది. కాసేపు ఆగు."

పోర్ట్ బ్లెయిర్‌కి ఉత్తరాన, డిగ్లీపూర్ అవతల, మడ చెట్ల మధ్యకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి క్రీకులో గవరయ్య డుంగీ లంగరేసి ఉంది. కొడుకు రాజ్‌కిరణ్‌ని నెలన్నర కిందట ఇదే క్రీకులో మొసలి లాక్కుపోయినప్పటి నుంచి గవరయ్య ఇల్లు విడిచి, ముసలి కుక్క సారంగుతో ఈ చెక్క బోటు మీదే ఉంటున్నాడు. పోటు ఎక్కుతున్న ఆ సాయంత్రం కోడలు దుర్గ, తోటి జాలరి చిరంజీవి పడవలో వచ్చి బోటెక్కింది. వలలు చూసుకొస్తానని అతను మలుపు దాటగానే, చున్నీలో చుట్టి తెచ్చిన కత్తి బయటికి తీసింది. కొబ్బరికాయలు కొట్టే దావ్ అది.

"ఎన్నాళ్ళు ఆగాలి మావయ్యా? అది చచ్చేదాకానా? అది చావదు. నువ్వు చావనివ్వవు."

"ఆ సీసా కొంచెం ఎత్తి పట్టుకుంటావేటి? కర్ర వంగిపోతన్నాది. సెలైన్ దిగతం నేదు."

"నేనా? దీనికా? పాగల్ అయిపోయావా?"

"సరే. నానే పట్టుకుంటాను."

"నడుం చచ్చిపోయింది. కళ్ళు లేవు. పడుకున్న చోటే ఉచ్చ. ఛీ, ఆ కంపు! వెటర్నరీ డాక్టరు ఏం చెప్పాడు?"

"కిడ్నీలు పోనాయన్నాడు."

"ఇంకా?"

"తోలు కింద సెలైన్ ఎక్కించమన్నాడు. ఎలాగో సూపించాడు."

"ఇంకా ఏం చెప్పాడు మావయ్యా?"

"సూదేసి ఇంక లేవకుండా పడుకోబెట్టీమంటావా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"గంజి తాగుతన్నాది కదా బావూ అన్నాను. తాగుతన్నాదమ్మీ. పొద్దున్న సూర చేప ఉడికించిన నీళ్ళు పోస్తే గటగటా తాగీసింది. పుండ్లు పడకుండా పక్కలు మారుస్తన్నాను. కింద వల మడతెట్టి పరిసాను. బోటు ఊగితే దొర్లిపోకుండా ఇదిగో, ఈ తాడు కట్టాను."

"ఇప్పుడు కట్టావా తాడు?"

"అమ్మీ…"

"ఇప్పుడా? ఆ రోజు కట్టుంటే?"

"ఆ రోజు అది ఇంకా నడిసేది. తూలుతా నడిసేది."

"ఆ రోజు ఈ తాడు కట్టుంటే నా మొగుడు ఇంట్లో ఉండేవాడు."

"నాను కడతానన్నాను. రాజాయే ఒద్దన్నాడు. 'సారంగుని కడతావేటి అయ్యా, బోటు దాన్ది, మనం దాని కూలీలం' అన్నాడు."

"ఆయన గొంతు పెట్టకు! ఆయనలా నువ్వు మాట్లాడకు!"

"పెట్టను. అరవకమ్మీ, దానికి బయమేస్తన్నాది. వొణుకుతన్నాది సూడు."

"దానికి భయమేస్తోందా! అరే వా! ఊరంతా ఏమంటోందో తెలుసా? గవరయ్యకి కొడుకు పోయాడన్న దిగులు లేదు, కుక్క పోతుందన్న దిగులేనట. కుళాయి దగ్గర నా ముందే అన్నారు."

"అననీ."

"నేను బకెట్ విసిరాను వాళ్ళ మీద. రక్తం కారింది ఒకావిడకి. విసిరి ఇంటికొచ్చాక అనుకున్నా, వాళ్ళన్నది నిజమే కదా అని."

"ఆమెకి ఎలాగున్నాది ఇప్పుడు?"

"మాట మార్చకు! ఇల్లు ఎందుకు వదిలేశావు నువ్వు?"

"కుక్క ఈ గడప తొక్కితే నరికీస్తానన్నావు గదా."

"కుక్కని అన్నాను. నిన్ను అన్నానా?"

"దీన్ని ఎవలికిచ్చి రాను తల్లీ? పక్క తిప్పే దిక్కు నేదు."

"అయితే ఇక్కడికొస్తావా? ఇదే క్రీకులోకి? ఆ మొసలి ఇక్కడే తిరుగుతోందని బోర్డు పెట్టారు, బోను పెట్టారు…"

"తెలుసు. అదిగో, ఆ బురద గట్టు మీదే ఉన్నాది. మాను దుంగలాగ. సూడు."

"ఎక్కడ? … అదా? అమ్మో. అదేనా మావయ్యా?"

"అదే. ఎడం కంటి మీద మచ్చున్నాది. మరిసిపోను."

"చూస్తూ కూర్చున్నావా రోజూ?"

"అదీ నన్ను సూస్తన్నాది."

"నీకు పిచ్చి పట్టింది. నాకూ పడుతుంది, ఇంకొన్నాళ్ళుంటే. అమ్మ డెలానీపూర్‌లో తన దగ్గరికి వచ్చెయ్యమంటోంది."

"ఎల్లు తల్లీ. మీ అమ్మ దగ్గరకెల్లు. నీకు వొయసున్నాది."

"ఎలా వెళ్ళను? పోర్ట్ బ్లెయిర్‌లో బస్సు దిగి, అమ్మ ఎదురొచ్చి, మీ ఆయన ఎలా పోయాడే అనడిగితే ఏం చెప్పను? కుక్క కోసం అని చెప్పనా? ఆ కుక్క ఏదే అంటే, మా మావయ్య గంజి తాగిస్తున్నాడు అని చెప్పనా? ఇది ఉండగా నేను ఎక్కడికీ వెళ్ళను. ఇటియ్యి."

"నువ్వూ పెట్టావు కదమ్మీ దీనికి అన్నం. పెళ్ళయిన కొత్తలో మేం ఏటకెల్తే నీకు తోడు ఇదే కదా."

"ఆ మాట తియ్యకు."

"నీ మంచం కిందే పడుకునేది. నువ్వు ఏడిస్తే నీ కాళ్ళ మీద తలెట్టేది. మీ అమ్మకి ఫోన్లో నువ్వే సెప్పావు."

"తియ్యకు అన్నానా!"

"సరే."

"చెప్పు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

"పోలీసులకి సెప్పాను గదా."

"పోలీసులకి కాదు. నాకు. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు నువ్వు. ఎప్పుడడిగినా సాంబ్రాణి అయిపోయింది, బియ్యం అయిపోయాయి అని లేచిపోయావు."

"ఇననేవు తల్లీ."

"కత్తి పట్టుకుని వచ్చినదాన్ని. వింటాను."

"వల లాగుతన్నాం. ఇది ముందు అంచున నిలబడి గాలి వాసన సూస్తన్నాది. అల నేదు, ఏటీ నేదు. కాలు జారి నీళ్ళలో పడింది. కళ్ళు నేవు కదా, బోటు ఏ పక్కనున్నాదో తెల్దు. గుండ్రంగా తిరగతన్నాది. నాను వెదురు గెడ కోసం ఇటు తిరిగాను. మళ్ళీ అటు తిరిగీసరికి ఆడు నీళ్ళలో ఉన్నాడు."

"ఏమైనా అన్నాడా? దూకే ముందు?"

"ఏటీ అన్నేదు."

"పెళ్ళాం ఉంది, ఇల్లుంది, ఏదీ గుర్తు రాలేదా? మొసళ్ళున్న నీళ్ళని తెలిసి, కుక్క కోసం మనిషి దూకేస్తాడా? బోలో!"

"ఏటి సెప్పను? దాన్ని పైకెత్తి అందించాడు. 'పట్టు అయ్యా' అన్నాడు. మెడ పట్టుకుని లాగాను. నవ్వుతన్నాడు. ఎక్కడానికి అంచు మీద సెయ్యేసాడు. ఇదిగో, ఇక్కడ."

"తర్వాత?"

"సాలమ్మీ."

"తర్వాత!"

"నీళ్ళు లెగిసినాయి. ఆడు అరవనేదు, అరవడానికి ఊపిరి ఉంటే కదా. నడుం కాడ పట్టింది. నాను మణికట్టు దొరకబుచ్చుకున్నాను. ఈ సేత్తో."

"లాగలేదా?"

"లాగాను. అదీ లాగింది. బోటు వొరిగిపోనాది. ఆడి మొకం నా మొకానికి ఇంత దగ్గర. అప్పుడది తిరగడం మొదలెట్టింది."

"తిరగడం అంటే?"

"గానుగ లాగ. నోట్లో మనిసిని పట్టుకుని గిర్రున. ఒకసారి. మళ్ళీ. ఎముక ఇరిగిన సప్పుడు నా మోసేతి దాకా వొచ్చింది. నెత్తురు నా నోట్లో పడింది. నాను ఒగ్గనేదమ్మీ. ఒట్టు. నాను ఒగ్గనేదు."

"వదల్లేదా? వదలకపోతే మరి…"

"సెయ్యి నా దగ్గరే ఉండిపోనాది."

"ఏంటి?"

"ఆడు ఎల్లిపోనాడు. సెయ్యి ఉండిపోనాది."

"మడ చెట్ల వేళ్ళలో దొరికిందన్నాడు చిరంజీవి భయ్యా."

"అలాగ సెప్పమని నానే అన్నాను."

"మనం పూడ్చింది…"

"నా సేతిలోదే."

"ఒక చేత్తో పట్టుకున్నావు ఆయన్ని."

"ఊఁ."

"ఒక చేత్తోనే?"

"సీసా అయిపోవొచ్చింది. సూది తియ్యాల. ఆ దూది ఇలాగియ్యమ్మా."

"రెండో చెయ్యి ఏమైంది?"

"దూది, ఆ డబ్బాలో…"

"మావయ్యా. నీ రెండో చెయ్యి ఏం చేస్తోంది అప్పుడు?"

"ఇది ఇంకా అంచు మీదే ఉన్నాది. సగం బయట. ఒగ్గితే మళ్ళీ పడిపోద్ది."

"కుక్క."

"ఆలోసన నేదమ్మీ. సెయ్యి దాన్ని పట్టుకునే ఉన్నాది. ఒగ్గాలని సేతికి తెల్దు. అంతే."

"నా మొగుడికి ఒక చెయ్యి. కుక్కకి ఒక చెయ్యి."

"కొట్టు. నన్ను కొట్టు. మెడ ఇదిగో."

"నీ మెడ నాకెందుకు? లే. పక్కకి లే."

"దాని జోలికెల్లకు."

"లే అంటున్నానా!"

"ఎల్లకే! ఒలే… అబ్బా! అమ్మా, సెయ్యి!"

"దావ్ మొద్దు వైపు తగిలింది. ఈసారి పదును వైపు. లే!"

"ముక్కలు సెయ్యి. నాను లేవను. దాన్ని ముట్టుకుంటే మాత్రం…"

"ముట్టుకుంటే? ఏం చేస్తావు? ఇదిగో, ముట్టుకున్నా… ఆఁ! నన్ను కొట్టావా? చెంప మీద కొట్టావా? నా మొగుడు కూడా ఏనాడూ…"

"దాన్నొగ్గు! ఒగ్గు, మళ్ళీ కొడతాను!"

"కొట్టు! నేనూ కొడతా! తప్పుకో, తప్పుకో ముసలోడా!"

"దావ్! దావ్ నీళ్ళలో పడిపోనాది."

"పోనీ. దీనికి దావ్ ఎందుకు? తాడు ఎలాగూ తెగింది."

"దుర్గమ్మా. కాళ్ళట్టుకుంటాను. వొద్దు."

"ఇంత తేలికా ఇది? ఒట్టి బొచ్చు, బొమికలు. ఇంత తేలిక దాని కోసం…"

"వొద్దే! వొద్దే తల్లీ!"

"పో! ఆయన దగ్గరికే పో!"

కుక్క నీళ్ళలో పడింది. మడ చెట్ల మీది పిట్టలు ఒక్కసారిగా లేచిపోయాయి.

"ఏటి సేసావు. ఏటి సేసావే నువ్వు."

"మునగలేదు. తేలింది."

"సారంగూ! ఇటు! ఇటు రారా, నా గొంతు కేసి రా! వెదురు… ఎత్తనేకపోతన్నాను. నా సెయ్యి ఇరిగిపోనాదమ్మీ. ఆ వెదురు నువ్వందుకో!"

"గుండ్రంగా తిరుగుతోంది మావయ్యా."

"వెదురు!"

"ముందు కాళ్ళతోనే ఈదుతోంది. అరవడం లేదు. ముక్కు పైకెత్తి… నా వాసన పట్టింది. నా దగ్గరికే వస్తోంది. తోసింది నేనేనని దానికి తెలీదు."

"దాన్ని సూడకు. గట్టు సూడు. బురద గట్టు మీద ఉన్నాదా అది?"

"ఖాళీగా ఉంది."

"సరిగ్గా సూడు!"

"ఖాళీ మావయ్యా. జారిన గుర్తు ఒక్కటే ఉంది."

"దిగిపోనాది. అయిపోనాది. అమ్మీ, నువ్వు అంచున నిలబడకు, లోపలికి జరుగు, అది… ఏటి సేస్తన్నావు? అమ్మీ! దుర్గా!"

నీళ్ళు మళ్ళీ చిమ్మాయి. బోటు మీద గవరయ్య ఒక్కడే మిగిలాడు.

"ఎనక్కి రా! ఒలే, దాన్నొగ్గీసి ఎనక్కి రా!"

"దొరకడం లేదు… జారిపోతోంది…"

"నీ ఎడం పక్క నీళ్ళు సీలుకొస్తన్నాయి! రా!"

"దొరికింది! మెడ దొరికింది!"

"ఎనక్కి సూడకు! నా మొకమే సూడు! కాళ్ళు కొట్టు!"

"ఎంత దూరముంది? మావయ్యా, ఎంత దూరం?"

"సూడకన్నానా! ఈ సిన్న లంగరు… ఒక సేత్తో తాడు ఊడదేటి… రా నా కొడకా, ఇటు రా! నన్ను తిను! నా బిడ్డని తిన్నావు గదా, ఇదిగో, ఇనుము తిను!"

"ఏమైంది? తగిలిందా?"

"మూతి మీద పడింది. మునిగిపోనాది. మునిగితే మరీ సెడ్డ. దగ్గరికొచ్చీసావు, సెయ్యందించు!"

"ముందు దీన్ని పట్టు!"

"కుక్కొద్దు! నీ సెయ్యి!"

"దీన్ని పట్టు మావయ్యా!"

"పట్టను! ఈసారి దాన్ని పట్టను! సంపినా పట్టను! నీ రెండు సేతులూ ఇయ్యి!"

"అయితే తప్పుకో! హుఁ… పడేశా! లోపలికి పడేశా!"

"సేతులు! రెండూ! ఎక్కు, మోకాలు అంచున ఎయ్యి!"

"నీ చెయ్యి విరిగింది కదా…"

"ఇరగనీ! ఊడిపోనీ! ఎక్కు!"

"కాలు! మావయ్యా, కాలు పట్టింది! పట్టింది!"

"అది తిరక్క ముందే! తన్ను! రెండో కాలితో కంట్లో తన్ను!"

"అమ్మా! కిందికి లాగేస్తోంది!"

"కన్ను! కన్నమ్మీ, కన్నే! ఒగ్గను, నిన్ను నాను ఒగ్గను, తన్ను!"

"తన్నాను! మెత్తగా తగిలింది…"

"ఇంకోసారి!"

"వదిలింది! లాగు! లాగు మావయ్యా, లాగు!"

బోటు నీళ్ళంచు దాకా ఒరిగి, మళ్ళీ నిలబడింది. చెక్కల మీద ఇద్దరు మనుషులూ ఒక కుక్కా పక్కపక్కన పడి ఉన్నారు. బోటులో చేరిన నీళ్ళు ఎర్రగా మారి చెక్కల సందుల్లో పారుతున్నాయి.

"ఏదీ కాలు? సూడనీ."

"చూడొద్దు."

"పిక్క సీరుకుపోనాది. తెల్లగా…"

"చెప్పొద్దు! ఏం కనిపిస్తోందో చెప్పొద్దు!"

"లుంగీ సింపాల. నాకు ఒక సెయ్యి పనిసెయ్యతం నేదు. ఈ కొస నువ్వు పళ్ళతో పట్టు. ఆఁ. అలాగ. మోకాలి కింద కట్టు. బిగించు."

"బిగించా."

"ఇంకా. అరిసినా పరవానేదు. బిగించు."

"అమ్మా… అమ్మా…"

"సాలు. సాలు తల్లీ. సిరంజీవికి ఫోను కొట్టు. టార్పాలిన్ కింద సంచిలో ఉన్నాది."

"హలో, భయ్యా? జల్దీ రా. వలలు వదిలెయ్, జల్దీ. మొసలి. నా కాలు. … హాఁ, బతికే ఉన్నా. మావయ్య చెయ్యి విరిగింది. … కాదు, మొసలి కాదు, నేనే విరగ్గొట్టా. అదంతా తర్వాత భయ్యా. నువ్వు రా."

"కళ్ళు మూసుకోకు. మాటాడు నాతో."

"దానికెలా ఉంది?"

"నీళ్ళు కక్కుతన్నాది."

"ఊపిరుందా?"

"డొక్కలు ఆడుతన్నాయి. తల పల్లంగా ఒంచాల. నువ్వు దాని పక్కనే ఉన్నావు, సెవి కింద సెయ్యెట్టి పట్టుకో. అలాగ. ఇంకా కక్కనీ."

"నా చెయ్యి నాకుతోంది."

"నాకనీ."

"ఉప్పు కోసం నాకుతోంది."

"ఉప్పు కోసమేలే."

"నన్ను తిట్టవా మావయ్యా?"

"ఓపిక నేదు. రేపు తిడతాను."

"నీ చెంపదెబ్బ ఇంకా మండుతోంది."

"నాను ఆడదాన్ని కొట్టడం అదే మొదలు. సెయ్యి ఇరిగిన బాద కంటే అదే ఎక్కువున్నాది."

"నేను ఇంకా కొట్టాలనే వచ్చాను. దాన్ని చంపి, నువ్వు ఏడుస్తుంటే చూసి, అప్పుడు బస్సెక్కాలని. అనుకునే వచ్చాను."

"మరి ఎందుకు దూకీసావమ్మీ? నువ్వే తోసీసి, మళ్ళీ నువ్వే?"

"తెలీదు."

"ఏదో ఒకటి అనుకునుంటావు గదా."

"అనుకోలేదు మావయ్యా. అనుకునే టైము లేదు. ముక్కు మునిగింది. అంతే చూశాను. ఆ తర్వాత నీళ్ళలో ఉన్నాను. మధ్యలో ఏమీ లేదు."

"ఏమీ నేదా?"

"ఏమీ లేదు. నా ప్రాణం లేదు, నువ్వు లేవు, అమ్మ లేదు. రోజూ ఆయన ఫోటో ముందు నిలబడి తిట్టేదాన్ని, ఒక్క క్షణం ఆగి నన్ను తలుచుకోలేకపోయావా అని. అన్నం పెట్టి మరీ తిట్టేదాన్ని."

"ఏడవకు. నెత్తురు ఎక్కువ పోద్ది. అదిగో, ఇంజను సప్పుడు. సిరంజీవి వొచ్చీస్తన్నాడు."

"భయ్యా వచ్చే లోపు నీకో మాట చెప్పాలి. నువ్వు ఆస్పత్రిలో డాక్టరమ్మకి చెప్పాలి. నాకు స్పృహ ఉంటుందో లేదో."

"నీకేటీ కాదు. సెప్పు."

"వెళ్ళగానే కాలు చూస్తామంటారు. కాలు తర్వాత చూడమను."

"ఎముక బయటికొచ్చి ఉంటే తరవాతేటమ్మీ?"

"ముందు కడుపు చూడమను మావయ్యా. నాకు మూడో నెల. దూకేటప్పుడు అదీ గుర్తు రాలేదు."